పసిబిడ్డ జబ్బునకు తీర్పరి యెవరు?

“పిల్లల జ్వరమునకు మూడు నాళ్ళు గడువీయవలెను, అంతకు మునుపే వైద్యునికడకు పరుగెత్తుట తొందరపాటు” అని మన యిండ్లలో నొక శాసనము కలదు. దీనిని రచించిన మహర్షి యెవరో తెలియదు. మేము చదివిన స్మృతులలో నెందును కానరాలేదు. అయినను మనువును ధిక్కరించుటకు వెనుదీయని సంస్కారుల యిండ్లలో సైతము ఈ మూడు నాళ్ళ శాసనమున కెదురాడువారు అరుదు. పట్టభద్రుడైన తండ్రియు, పది గ్రంథములు చదివిన యిల్లాలును, బిడ్డ మూలుగుచుండగా గోడమీది క్యాలెండరు వైపు చూచి “ఇంకను రెండవ దినమే కదా” అని యూరడిల్లుదురు. ఈ శాసనము తప్పనియు, ఉత్త తప్పు గాక ప్రాణములు తీయు తప్పనియు చెప్పుటకే యీ వ్యాసము.

తుమ్మిన ప్రతి బిడ్డను ఆసుపత్రికి మోసికొనిపోవలెనని మా వాదము గాదు. పాలు త్రాగుచు, ఆడుకొనుచున్న యేడాది బిడ్డకు జలుబు చేసినను, కొలదిగా దగ్గినను, అది యింట తగ్గునదే. అంతమాత్రమునకే సూదిమందు పొడిపించుకొని వచ్చు తలిదండ్రులును మాకు తెలియును. వారి సంగతి పిమ్మట చెప్పెదము. మా ప్రశ్నలు రెండే. బిడ్డను వైద్యునికి చూపవలసిన వేళ వచ్చినదని దేనిని బట్టి తెలిసికొనవలెను? తెలిసిన పిదప ఆ మాట యెవరు చెప్పిన చెల్లవలెను?

పరులను దూషించుటకు మునుపు మా తప్పు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట, శ్రావణమాసపు ముసురులో, చీడికాడలో మా వీథిలోని యొక యింటినుండి సాయంకాలము మాకు పిలుపు వచ్చెను. పల్లెటూర నుపాధ్యాయుడనగా దరఖాస్తులు వ్రాయువాడు మాత్రమే కాదు, థర్మామీటరు చదువ నేర్చినవాడు గూడ. పది నెలల యాడుబిడ్డకు రెండు దినములుగా దగ్గు. మేము అరుగుమీద కూర్చుంటిమి. లోపలినుండి తెచ్చి యిచ్చిన థర్మామీటరును దీపమున కెత్తి చదివి, “నూరు దాటలేదు, భయము లేదు” అని తీర్పు చెప్పితిమి. ఇంటి పెద్ద తృప్తిపడెను. పరవాడ దగ్గర నొక కర్మాగారమున పనిచేయు బిడ్డ తండ్రియు ఫోనులో విని తృప్తిపడెను. గడప కావల నిలుచున్న తల్లి యొక్కతెయే తృప్తిపడలేదు. “రొమ్ము పట్టనేదు మేస్టారూ, డొక్కలెగరేస్తంది” అని యామె రెండు మారు లనెను. “పెద్దోళ్ళు మాటాడతంటే నువ్వూరుకోయే” అని అత్తగారి మందలింపు. మేమును ఊరకుంటిమి. మేము బిడ్డను చూడలేదు, అంకెను చూచితిమి.

మరునాడు తెల్లవారుజామున బిడ్డ నాటోలో నెక్కించుకొని చోడవరము వైపు బయలుదేరిరి. ఆసుపత్రి గుమ్మ మెక్కకమునుపే బిడ్డ పోయినది. పరామర్శకు పోయినప్పుడు ఆ తల్లి మాతో నొక్క మాటయే యనెను: “నాను సందేలే సెప్పినాను కదా మేస్టారూ.”

ఆమె సాయంకాలము చెప్పినవి రెండు గుర్తులు. ప్రపంచారోగ్యసంస్థయు యూనిసెఫ్ సంస్థయు కలిసి 1990ల నడుమ ఐదేండ్ల లోపు బిడ్డల వైద్యమునకై కూర్చిన పద్ధతిలో, తక్షణము ఆసుపత్రికి పంపవలసిన చిహ్నములు నాలుగు. బిడ్డ త్రాగలేకపోవుట లేక రొమ్ము పట్టలేకపోవుట, త్రాగిన దెల్ల కక్కివేయుట, మూర్ఛ వచ్చుట, పిలిచినను లేపినను సరిగా పలుకక మగతగా పడియుండుట. వీనిలో నొక్కటి చాలును. దగ్గుతోనున్న బిడ్డయందు ఇంకను రెండు చూడుమనిరి. ఊపిరి లోనికి తీసికొనునప్పుడు ప్రక్కటెముకల క్రిందిభాగము లోపలికి గుంజుకొనిపోవుట యొకటి. దీనినే మన తల్లులు డొక్కలెగరవేయుట యందురు. రెండవది వడిగా శ్వాసించుట. బిడ్డ యేడువక, పాలు త్రాగక, నెమ్మదిగా నున్నప్పుడు చొక్కా యెత్తి, నిండు నిమిషము గడియారము చూచి శ్వాసలను లెక్కింపవలెను. రెండు నెలలు నిండని బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది మొదలు ఐదేండ్ల వరకు 40. ఇంతయు, అంతకు మించియు వచ్చినచో ఊపిరితిత్తులకు జబ్బు సోకినదని యెంచి వైద్యునికి చూపవలెను. తొలినాళ్ళలో పట్టుకొన్నచో పెక్కుమందికి అమాక్సిసిల్లిన్ వంటి చౌక మందుతోడనే కుదురును. ఆలసించినచో ప్రాణవాయువు పెట్టవలసివచ్చును. అది అరుగుమీద దొరకదు.

ఈ చిహ్నములలో థర్మామీటరు అంకె ఒక్కటియు లేదని చదువరులు గమనింతురు గాక. జ్వరము పట్టించుకొనదగనిదని మే మనుట లేదు; జ్వరపు టెత్తు జబ్బు లోతునకు కొలబద్ద గాదని మాత్రమే యనుచున్నాము. 103 డిగ్రీల జ్వరములో నుండియు, కాచినది కొంచెము తగ్గగానే లేచి కూర్చుండి అన్నము అడుగు బిడ్డకంటె, 99లో నుండి కన్నెత్తి చూడని బిడ్డ యెక్కువ యపాయములో నున్నది. డెంగీ జ్వరముననైతే ఈ కొలబద్ద పూర్తిగా తలక్రిందగును. మూడవ దినముననో, నాలుగైదు దినములకో జ్వరము దిగి, ఇంటివారు దిష్టి తీసి సంతసించు వేళనే, కడుపునొప్పి, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడుట, చిగుళ్ళనుండి రక్తము మొదలగునవి తోచి బిడ్డ కుప్పకూలవచ్చును. ఇక మూడు నాళ్ళ గడువు మాట. మా మండలపు కొండయంచు పల్లెలవంటి చోట్ల మలేరియా భయ మెన్నడును ఉన్నదే. అచ్చట జ్వరము వచ్చిన దినముననే రక్తపరీక్ష చేయింపవలెను. వ్రేలి కొననుండి తీసిన యొక చుక్కతో కొలది నిమిషములలో తేలు పరీక్షకు మూడు సూర్యోదయములు కాచియుండుట యేమి వివేకము?

పురిటి గుడ్డు విషయమున మన యజ్ఞాన మింకను ఘోరము. రెండు నెలలు నిండని బిడ్డకు చంకలో 99.5 డిగ్రీల వేడి తోచినను ఇంటి వైద్యము చెల్లదు. ఆ దినమే, ఆ గంటయే చూపవలెను. అంతకంటె మోసకారి గుర్తు చల్లబడుట. బిడ్డ అరికాళ్ళు చల్లగానుండి, ఏడుపు సన్నగిల్లి, రొమ్ము నోట పెట్టినను చీకక నిద్రించుచుండగా, “ఎంత బుద్ధిమంతురాలో, రాత్రియంతయు నేడువనే లేదు” అని మురియు ముత్తైదువలను మేము చూచితిమి. ఆ బుద్ధిమంతతనమే మృత్యువు పంపిన వర్తమానము కావచ్చును. అరచేతులు అరికాళ్ళ వరకు పసిమి దిగినను, బొడ్డు ఎర్రబడి చీము కారినను ఇదే మాట.

“ఇవి యెల్ల పాశ్చాత్యుల లెక్కలు; మన శాస్త్రమున నిట్టివి లేవు” అని యొక మిత్రుడు మాతో వాదించెను. మేము కొంత సంస్కృతము చదివినవారము. ఆయన యంతయు చదువలేదు, కాని దానిపై నభిమానము మాకంటె మెండు. నేపాళమున దొరకిన శిథిలమైన తాళపత్రప్రతినుండి 1938లో అచ్చయిన కాశ్యపసంహితలో వేదనాధ్యాయమను ప్రకరణ మొకటి కలదు. మాటలు రాని బిడ్డ బాధ నెట్లు గుర్తింపవలెనని అడుగగా కశ్యపుడు చెప్పిన సమాధాన మది. తలనొప్పి గల బిడ్డ తల నెట్లు కదల్చును, చెవి నొచ్చినచో చేతు లెచ్చటికి పోవును, కడుపునొప్పి గలవాడు రొమ్ము నెట్లు విడుచును అని యాతడు బిడ్డ చేష్టలనే వరుసగా చెప్పుకొనిపోయెను. తిథిని చూడుమనలేదు, వారమును లెక్కింపుమనలేదు. నోరులేని రోగికి దేహమే నోరని యెరిగినవాడు కనుక బిడ్డను చూడుమనెను. మన ముసలమ్మలు రక్షించుచున్నది ప్రాచీనశాస్త్రమని భ్రమించువారు ఆ ప్రకరణము నొకసారి తిరుగవేయవలెను.

మూర్ఛ వచ్చిన బిడ్డ చేత తాళపుచెవుల గుత్తి పెట్టుట, బాలగ్రహమని తాయెత్తు కట్టుట, కడుపుబ్బిన బిడ్డకు వాతలు పెట్టుట వీనిని గూర్చి పుటలు నింపుట మాకు రుచింపదు. వాత మానుడని మాత్రము గట్టిగా చెప్పుదుము. మూర్ఛ వచ్చినప్పుడు నోట నేమియు పెట్టక ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, బండి పిలువవలెను. అమ్మవారికి మ్రొక్కుకొన్నవారు మ్రొక్కు తీర్చుకొందురు గాక; తట్టు పోసిన బిడ్డకు డొక్కలెగురుచున్నను మందు ముట్టింపవలదని ఏ యమ్మవారును ఆనతిచ్చి యుండదు.

విరేచనముల విషయమున నొక మాట చెప్పక తప్పదు. ఎనిమిదవ నెల బిడ్డకు నీళ్ళవలె విరేచనము లగుచుండగా “పాలపండ్లు వచ్చుచున్నవి” అని చెప్పని యిల్లు మా చుట్టుపట్ల లేదు. పండ్లు వచ్చు నెలలు, బిడ్డ నేలమీద ప్రాకి దొరకినదెల్ల నోట పెట్టుకొను నెలలు నొకటే. నేరము మట్టిది, నీటిది, నింద పంటిది. పైగా “లంఘనం పరమౌషధం” అను నానుడిని చంటిబిడ్డమీద ప్రయోగించి నీరును పాలును కట్టివేయుదురు. బిడ్డను చంపునది తరచుగా విరేచనము గాదు, దానితో పోయిన నీరును లవణమును. 1971లో బంగ్లా యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగి సూదితో నెక్కించు సెలైను తరిగిపోయినప్పుడు, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నుంచి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదిగా నుండిన చావులు నాలుగింటికంటె తక్కువకు దిగినవి. ఆ బంధువులలో వైద్యవిద్య చదివినవారెవరు? నేడు ఆ నీరే ఓ.ఆర్.ఎస్. పొట్లమై ఆశా కార్యకర్త సంచిలో మన వీథికి వచ్చుచున్నది. రొమ్ముపాలు మానక, ఆ నీటిని చెంచాతో పట్టుచు, జింకు మాత్రలు 14 దినములు వేయుచున్నచో చాలమంది బిడ్డలు ఇంటనే కోలుకొందురు. కండ్లు గుంటలు పడినను, పొట్టమీది చర్మము పట్టి విడిచినప్పుడు మెల్లగా సర్దుకొన్నను, మలమున రక్తము కనబడినను, త్రాగలేకపోయినను ఇల్లు కదలవలెను.

ఇక మొదట వాయిదా వేసిన సంగతి. ఊరూర సంచి చేతబట్టి తిరుగు సూదిమందు వైద్యుని మేము రాక్షసునిగా చిత్రింపబోము. అర్ధరాత్రి పిలిచిన పలుకువాడు, అప్పు పెట్టుకొనువాడు పల్లెలలో నతడొక్కడే. కాని అతని సూది చేయు పని యేమి? చాలసార్లు జ్వరము నణచును. అంకె దిగును, ఇల్లు శాంతించును. శ్వాస మాత్రము వడిగా నడుచుచునే యుండును. జ్వరమే జబ్బు అనుకొను వారికి జ్వరమును దించువాడే ధన్వంతరి. జలుబునకు సూది పొడిపించుకొని తొందరపడువారును, డొక్కలెగురుచుండగా తెల్లవారనిత్తుమను వారును వేరువేరు జాతులు గారు. తరచుగా ఒకే యింటివారు. వారు తప్పుడు గుర్తును చూచి ఒకనాడు పరుగెత్తుదురు, మరొకనాడు కూర్చుండుదురు.

గుర్తులు తెలిసినంతమాత్రమున కష్టము తీరదు. ఇది మా రెండవ ప్రశ్న, బరువైనది గూడ ఇదియే. ఆ శ్రావణమాసపు సాయంకాలము మా యరుగుసభలో సరియైన గుర్తు చూచినవారు లేకపోలేదు. ఉండిరి, ఆమెకు మాట లేదు. తల్లుల మరణములను పరిశీలించిన తడ్డియస్, మెయిన్ అను విదుషీమణులు 1994లో ఆలస్యములను మూడుగా విభజించిరి: ఇంట నిర్ణయించుటలోని యాలస్యము, త్రోవలోని యాలస్యము, ఆసుపత్రిలోని యాలస్యము. రెండవది మాకు తెలియనిది కాదు. కొండమీది గూడెములనుండి రోగిని డోలీ కట్టి మోసికొని వచ్చుట నేటికిని మన మన్యమున మానలేదు. వారికి నింట నిర్ణయించిన పిదపను నడక మిగిలియున్నది, దానికి సర్కారు జవాబు చెప్పవలెను. మూడవదానికిని సర్కారే. కాని మొదటిది మనది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 బండ్లు నడువ మొదలిడినవి. ఫోను తీసి మూడంకెలు నొక్కుటకు కోడలు మామగారి యనుమతికై కాచియుండు నింట ఆ బండి వేగ మెంతైన నేమి?

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశమున పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో సుమారు 35 మంది ఐదేండ్లు నిండకయే పోవుచుండిరి. వీరిలో నెందరు గడప లోపలి యాలస్యముచే పోయిరో మేము చెప్పజాలము. కాని ఆలస్యము స్వరూపమును చూచితిమి. అమావాస్యనాడు బిడ్డతో పొలిమేర దాటరాదు. మగదిక్కు లేక ఆడుది ఆటో యెక్కరాదు. పెనిమిటి ఫోను ఎత్తలేదు. బెల్లపు సొమ్ము ఇంకను చేతికి రాలేదు. వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని, మగబిడ్డకైనచో ఈ “రాదు”లు రాత్రికి రాత్రియే మాయమగుటయు చూచితిమి. కూలిపోయిన దినము, బస్సు ఛార్జీ, ఆసుపత్రిలో కసరులు, ఇవి నిజమైన యడ్డంకులే. బీదవాని భయమును మూఢత్వమని యెగతాళి చేయు సంస్కరణము మాకు వలదు. అయినను ఆ శ్రావణరాత్రి మా పొరుగింట డబ్బున్నది. లేనిది కోడలి మాటకు విలువ.

ఈ సందర్భమున సంస్కర్తలమైన మనము సైతము దోషులమే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్త్రీలకొరకు సతీహితబోధినిని 1883లో ప్రారంభించిరి. ఆనాటినుండి ఎన్ని పత్రికలు, ఎన్ని పుటలు! పథ్యము వండుట నేర్పితిమి; శుభ్రత నేర్పితిమి; థర్మామీటరు కడిగి పెట్టెలో దాచుట నేర్పితిమి. దాసికి నేర్పినట్లు నేర్పితిమే గాని, నిర్ణయించువానికి నేర్పినట్లు నేర్పలేదు. విద్య వంటయింటికిని, పెత్తనము అరుగునకును పంచితిమి.

“చదువురాని తల్లికి తీర్పు అప్పగించుటా?” అని కొంద రందురు. వారు గోదావరి లోయలోనే, తెలంగాణమునకు పొరుగుననున్న గడ్చిరోలి జిల్లా వైపు చూడవలెను. అచ్చట అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు పల్లెటి స్త్రీలకు బిడ్డ శ్వాసలెంచుట నేర్పిరి. అంకెలు రాని మంత్రసానులకు నిమిషమున నొడియు ఇసుక గడియారమును, జరుపుటకు పూసలును ఇచ్చిరి. పూసలు చెప్పినది చాలును, అంకె రానక్కరలేదు. పురిటిబిడ్డల నింటికడనే కనిపెట్టి చూచు తమ పద్ధతిచే ఆ పల్లెలలో నవజాతశిశువుల మరణములు నూటికి 62 వంతులు తగ్గినవని వారు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆశా కార్యకర్తలు పురిటిబిడ్డ యింటికి ఆరుమారులు, ఏడుమారులు వచ్చి చూచి పోవు పద్ధతి 2011లో దేశమంతట ప్రవేశించుటకు ఆ గడ్చిరోలి యనుభవమే మూలము. పూసలు జరుపు మంత్రసాని తీర్పరి కాగలిగినప్పుడు, పదవతరగతి చదివి, పది నెలలు రేయింబవళ్ళు బిడ్డను గుండెమీద మోసిన తల్లి యేల కారాదు? బిడ్డ నిన్న నెంత త్రాగినది, నేడెంత త్రాగినది ఆమెకు గాక ఎవరికి తెలియును? మా థర్మామీటరునకు తెలియలేదు.

కావున మేము కోరునది స్వల్పము. ఐదేండ్లలోపు బిడ్డ గల ప్రతి యింట, ఆసుపత్రికి పోయివచ్చుటకు చాలిన సొమ్ము తల్లి చేతనే యుండవలెను. అది పాలవానికిని చీటిపాటకును కరగరాదు. ఆమె “పోవలెను” అన్నచో పోవలెను. “చూతము” అనువా డెవరైనను, అనుటకు మునుపు లోపలికి పోయి, బిడ్డ చొక్కా యెత్తి, నిమిషము లెక్కపెట్టి యనవలెను.

ఇటీవల మా తొమ్మిదవ తరగతి బాలబాలికలచే, ఒక శనివారము, ఇంటనున్న తమ్ములకును చెల్లెండ్రకును శ్వాసలు లెక్కింపించితిమి. సోమవారము ఒక పిల్లవాని తాతగారు బడికి వచ్చి మాతో జగడమాడెను. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. “మేస్టారూ, నా కోడలు బయమడిపోయి పిల్లనెత్తుకోని అనకాపల్లి ఎల్తాది. డాకటరు సూసి ఏటీ నేదంటాడు. అప్పుడా డబ్బులెవలిస్తారు?” అని యడిగెను. ఏమియు లేదని తేలుటకు కూడ వెల యుండును తాతా, ఆ వెల యిచ్చుకొనవలసినదే, ఇచ్చి వచ్చిన కోడలిని దెప్పరాదు అని మేమంటిమి. అట్లు దెప్పినందున మరుమారు నోరు విప్పని యొక తల్లి కథయు చెప్పితిమి. ఆయన కొంత సేపు గొడుగు కొనతో నేల గీచుచు నిలిచెను. “అయితే ఆ డబ్బులు దానికాడే ఉంచమంటారా?” అనెను.

ఉంచుమంటిమి.